తలుపు మీది మేకుల కన్నా ఆనాటి ఉత్తరం ముఖ్యం

సంపాదకుల వారికి,

అక్టోబరు 31 సందర్భంగా మీరు ప్రచురించిన వ్యాసంలో, 1517లో అదే రోజున జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ సుత్తి చేతబట్టి విట్టెన్‌బర్గ్ కోట చర్చి తలుపుకు, డబ్బు తీసుకుని చర్చి ఇచ్చే పాపపరిహార పత్రాలను ప్రశ్నించే 95 వాదాంశాలను మేకులతో కొట్టాడని, ఆ దెబ్బతో పశ్చిమ యూరప్ క్రైస్తవం రెండుగా చీలిందని రాశారు. మత సంస్కరణోద్యమ చరిత్రకు తెలుగు పత్రికల్లో ఇంత చోటు దొరకడం అరుదు కనుక ఆ వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. అయితే అరవై ఏళ్లకు పైగా పండితులు వాదించుకుంటున్న ఒక విషయాన్ని అందులో తిరుగులేని సత్యంగా చెప్పడం వల్ల ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

వ్యాసం పక్కన వేసిన ఫొటో కింద ‘లూథర్ మేకులు కొట్టిన తలుపు’ అని ఉంది. ఫొటోలో ఉన్నది కంచు తలుపు. 1517 నాటి కొయ్య తలుపు ఏడేళ్ల యుద్ధ కాలంలో, 1760లో, చర్చితో పాటు మంటల్లో కాలిపోయింది. వాదాంశాల లాటిన్ పాఠాన్ని పోతపోసిన ఈ తలుపులను 1858లో అమర్చారు.

మేకుల సంగతికి వస్తే, తాను ఆ కాగితాన్ని తలుపుకు అంటించినట్టు లూథర్ తన రచనల్లో, ఉత్తరాల్లో ఎక్కడా చెప్పలేదు. ఆ మాట మొదట అచ్చులోకి వచ్చింది 1546లో, ఆయన చనిపోయిన తర్వాత, సహచరుడు మెలాంక్‌థన్ లూథర్ రచనల సంపుటికి రాసిన ముందుమాటలో. మెలాంక్‌థన్ విట్టెన్‌బర్గ్‌కు వచ్చిందే 1518లో. ఈ బలహీనతను పట్టుకునే కాథలిక్ చరిత్రకారుడు ఎర్విన్ ఇసెర్లో 1961లో అసలు ఆ సంఘటన జరగలేదని వాదించాడు. తర్వాత 2006లో, లూథర్ కార్యదర్శిగా పనిచేసిన గియోర్గ్ రోరర్ చేతిరాతలోని ఒక చిన్న లాటిన్ టిప్పణి యేనా గ్రంథాలయంలో పండితుల దృష్టికి వచ్చింది. అందులో ‘చర్చిల తలుపుల మీద’ అని బహువచనం ఉంది. చర్చకు పెట్టే అంశాలను చర్చి తలుపుల మీద ప్రకటించడం ఆ విశ్వవిద్యాలయంలో మామూలు పద్ధతే కనుక ఈ టిప్పణిని కొట్టిపారేయలేం. కాని రోరర్ కూడా 1517లో అక్కడ లేడు. తలుపు మీద ప్రకటన వెలసి ఉండవచ్చునని, దానిని అంటించింది విశ్వవిద్యాలయ బంట్రోతే కావచ్చునని నేను అనుకుంటున్నాను. ఇంతకు మించి చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు.

ఆ రోజున లూథర్ నిశ్చయంగా చేసిన పని ఒకటి ఉంది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఆయన మైంజ్ ఆర్చ్‌బిషప్ ఆల్‌బ్రెష్ట్‌కు ఒక ఉత్తరం రాసి, దానికి వాదాంశాలను జతచేశాడు. అక్టోబరు 31 తేదీ వేసిన ఆ ఉత్తరం నేటికీ స్టాక్‌హోమ్‌లో భద్రంగా ఉంది. తనను ‘మనుషుల్లో మడ్డి’ వంటివాడినని చెప్పుకుంటూ మొదలుపెట్టి, పాపపరిహార పత్రాలను ప్రచారం చేసే బోధకుల మాటలు విని సామాన్యులు ఎంతగా మోసపోతున్నారో విన్నవించి, ఆ బోధకులకు ఆర్చ్‌బిషప్ పేరిట ఇచ్చిన సూచనలను వెనక్కి తీసుకొమ్మని వేడుకున్నాడు. అప్పటివరకు ‘లూడర్’ అని రాసుకున్న ఇంటిపేరును ‘లూథర్’గా మార్చి సంతకం చేసింది, మనకు దొరికినంతలో, ఈ ఉత్తరంతోనే. ఆర్చ్‌బిషప్ సలహాదారులు నవంబరు 17న కాల్బెలో దానిని విప్పారు. తర్వాత ఆ వాదాంశాలు ఆల్‌బ్రెష్ట్ ద్వారానే రోమ్‌కు చేరాయి. ఆ పత్రాల ద్వారా వసూలైన సొమ్ములో సగం, ఆల్‌బ్రెష్ట్ తన పదవి కోసం ఫుగ్గర్లనే బ్యాంకర్ల దగ్గర చేసిన అప్పు కింద జమవుతోందన్న సంగతి అప్పటికి లూథర్‌కు తెలియదు. ఆ ఉత్తరంలోని నమ్మకం, అమాయకత్వం చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

‘95’ అన్న అంకెకూ ఒక కథ ఉంది. విట్టెన్‌బర్గ్‌లో అచ్చయి ఉంటుందనుకునే మొదటి ప్రతి ఏదీ దొరకలేదు. ఆ ఏడాదే న్యూరెంబర్గ్‌లో, బాసెల్‌లో అచ్చయిన ప్రతుల్లో అంశాలను ఇరవై అయిదేసి చొప్పున విడదీసి, ప్రతిసారీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టారు. లైప్‌జిగ్ ప్రతిలో అంకెలు తప్పుగా పడి 87 దగ్గర ఆగిపోయాయి.

మరొక సవరణ. పాపపరిహార పత్రాలు ‘పాపాలను క్షమించేవి’ అని రాశారు. చర్చి సిద్ధాంతం ప్రకారం పాపక్షమాపణ ఒప్పుకోలు సంస్కారంలో లభిస్తుంది. పత్రం తగ్గించేది ఆ తర్వాత కూడా మిగిలే తాత్కాలిక శిక్షను మాత్రమే. ఈ తేడా చెప్పకపోతే నాటి కాథలిక్ పండితుల జవాబులన్నీ మూర్ఖత్వంగా కనిపిస్తాయి. లూథర్ కూడా వాదాంశాల్లో ఈ తేడా ఆధారంగానే వాదించాడు.

సుత్తి పట్టుకున్న లూథర్ బొమ్మ తర్వాతి కాలాల వారి ఊహ. 1617 నాటి శతవార్షిక చిత్రంలో కూడా ఆయన చేతిలో ఉన్నది పొడవాటి ఈకకలం. దాని కొన పోపు కిరీటాన్ని కదిలిస్తుంది. తలుపు దగ్గర తిరుగుబాటుదారుణ్ణి నిలబెడితే, 1517లో పైఅధికారికి విన్నవించుకున్న సన్యాసి, 1520 డిసెంబరులో పోపు శాసనపత్రాన్ని తగలబెట్టిన మనిషిగా ఎలా మారాడన్న ప్రశ్నే పుట్టదు. ఆ మూడేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలను, విచారణలను, వాదప్రతివాదాలను పరిశోధకులు రోజువారీగా పరిశీలించడానికి కారణం ఆ ప్రశ్నే.

మీ ఆన్‌లైన్ సంచికలో ఫొటో కింది వాక్యాన్ని ‘1858లో అమర్చిన కంచు తలుపు’ అని మార్చవలసిందిగా, వీలైతే ఆల్‌బ్రెష్ట్‌కు రాసిన ఉత్తరాన్ని పూర్తిగా తెలుగు చేయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు