మన సంఘం వార్షిక నివేదిక: నార్వే ఊరి బడి, బేస్‌బాల్ జట్టు

సభ్యులందరికీ నమస్కారం.

పండుగలు జరుపుకోవడంతో, పిల్లలకు అక్షరాలు దిద్దించడంతో ఆగిపోకుండా, అమెరికాలో మనం బతుకుతున్న ఈ అయోవా రాష్ట్రం గురించి ఏటా ఒక సంగతిని పట్టుబట్టి తెలుసుకోవాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. మొదటి ఏడాదికి బెంటన్ కౌంటీలోని నార్వే అనే చిన్న ఊరిని ఎంచుకున్నాం. సీడార్ ర్యాపిడ్స్ నుంచి పడమరగా కారులో అరగంట ప్రయాణం. మనలో చాలామంది ఆ ఊరి పేరున్న బోర్డును ఏళ్ల తరబడి చూస్తూ దాటిపోయినవాళ్లమే. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఆ ఊరికే ఇస్తున్నాను. కార్యదర్శిగా ఇన్నేళ్లలో నన్ను ఇంతగా కదిలించిన పని మరొకటి లేదు.

నార్వే అయిదారువందల మందికి మించని ఊరు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. రైలు మార్గం వస్తున్నప్పుడు దానికి స్థలమిచ్చిన ఒక నార్వే దేశస్థుడు తన పుట్టిన గడ్డ పేరు పెట్టించాడు. మన పిల్లలను జులైలో ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లినప్పుడు చేలు మనిషెత్తు దాటి ఉన్నాయి. ఊళ్లో బేస్‌బాల్ మ్యూజియం ఉంది. ఇంత చిన్న ఊరికి మ్యూజియం ఎందుకని దారిలో ఒక పాప అడిగింది. ఆ సాయంత్రం తిరిగొచ్చేదాకా మేమంతా మాట్లాడుకున్నది ఆ ప్రశ్న గురించే.

ఈ రాష్ట్రంలో ఒకప్పుడు ఏకోపాధ్యాయ బడులు 12,000 దాకా ఉండేవి. రైతుల పిల్లలు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక్కొక్క బడి. తర్వాత అవి ఊరి బడులలో కలిశాయి, ఊరి బడులు పెద్ద పాఠశాల జిల్లాలలో, అంటే కొన్ని ఊళ్ల బడులను కలిపి నడిపే పాలనా విభాగాలలో, కలిశాయి. ఇప్పుడు రాష్ట్రం మొత్తానికి పాఠశాల జిల్లాలు 325 వరకే ఉన్నాయి. నార్వే ఉన్నత పాఠశాల ఆ ప్రవాహానికి 1991 దాకా ఎదురు నిలిచింది. విద్యార్థులు వందమందికి కాస్త అటూ ఇటూ. బడి జట్టు పేరు టైగర్స్.

ఆ కొద్దిమందిలోంచే తొమ్మిదిమందిని కూర్చుకుని, ఆ బడి రాష్ట్ర బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను 20 సార్లు గెలిచింది.

ఈ అంకె వెనక ఉన్న మనుషులు మనకు తెలియాలి. హాల్ ట్రోస్కీ 1912లో నార్వేలో పుట్టాడు, పొలంలో పెరిగాడు. కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్, సీడార్ ర్యాపిడ్స్‌కే చెందిన సై స్లాప్నికా, అతణ్ని క్లీవ్‌లాండ్ ఇండియన్స్ అనే వృత్తి జట్టుకు చేర్చాడు. 1936లో ట్రోస్కీ 42 హోమ్ రన్లు (బంతిని మైదానం అవతలికి పంపే దెబ్బలు) కొట్టాడు, తన బ్యాటుతో 162 పరుగులు చేయించి, దేశంలోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. లూ గెహ్రిగ్, జిమ్మీ ఫాక్స్, హాంక్ గ్రీన్‌బర్గ్ వంటి మేటి ఆటగాళ్లు అతనిలాగే ఫస్ట్ బేస్ స్థానంలో ఆడుతున్న కాలమది, అందుకే అతనికి రావలసిన పేరు రాలేదు. తర్వాత పార్శ్వపు తలనొప్పి అతణ్ని మైదానంలో నిలబడనివ్వలేదు. 1941 తర్వాత ఆట మాని వ్యవసాయానికి వచ్చేశాడు. కొంతకాలానికి తిరిగి వెళ్లి ఆడాడు కానీ, ఆ పాత వైభవం లేదు. పార్శ్వపు తలనొప్పి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు మన సభ్యుల్లోనూ ఉన్నారు. ఆ బాధతో వేగంగా వచ్చే బంతిని చూస్తూ నిలబడడమంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

బ్రూస్ కిమ్ ఇదే ఊళ్లో పెరిగి డెట్రాయిట్ టైగర్స్ అనే వృత్తి జట్టుకు క్యాచర్, అంటే పిచర్ విసిరిన బంతిని అందుకునే ఆటగాడు, అయ్యాడు. 1976లో దేశమంతా మారుమోగిన పిచర్ మార్క్ ఫిడ్రిచ్ ఆ ఏడాది మొదలుపెట్టిన 29 మ్యాచ్‌లలోనూ బంతి అందుకున్నది కిమ్మే. ఇదే ఊరి పిచర్ మైక్ బాడికర్ 1983లో బాల్టిమోర్ ఓరియోల్స్ తరఫున, లీగ్ ఛాంపియన్‌షిప్ పోరులోని ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా 14 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు (బంతిని కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు). దేశ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో రెండో మ్యాచ్‌నూ గెలిపించాడు. మరుసటి ఏడాది 20 విజయాలు సాధించాడు. మన పిల్లలు ఎక్కువసేపు నిలబడింది బాడికర్ ఫొటో ముందే. వాళ్ల వయసులో అతను తిరిగిన వీధుల్లోనే ఆ రోజు వాళ్లూ తిరిగారు మరి.

ఇక 1991. విద్యార్థుల సంఖ్య తక్కువని, ఖర్చు ఎక్కువని నార్వే బడిని బెంటన్ కమ్యూనిటీ పాఠశాల జిల్లాలో కలిపారు. ఎన్నో టైటిళ్లు తెచ్చిపెట్టిన శిక్షకుడు జిమ్ వాన్ స్కాయోక్ వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో కెంట్ స్టాక్ అనే యువకుడు వచ్చాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మిగతా రాష్ట్రాల్లో బడుల బేస్‌బాల్ వసంతంలోనే అయిపోతుంది, అయోవాలో మాత్రం వేసవి సెలవుల్లో ఆడతారు. అంటే నార్వే బడిలో చివరి గంట మోగిపోయింది, తరగతి గదులు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాత కూడా ఆ బడి పేరు వేసుకుని ఒక జట్టు మైదానంలో ఆడుతూనే ఉంది. ఆ వేసవిలోనే ఇరవయ్యో ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ పిల్లలు శరదృతువులో మరో ఊరి బడికి, మరో పేరున్న జట్టుకు వెళ్లారు.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాక పెద్దవాళ్లం మైదానం పక్కన చాలాసేపు కూర్చుండిపోయాం. ఎవరి ఊరు వారికి గుర్తొచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117వ నంబరు జీవో ప్రకారం 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, ఇంటికి ఫోను చేసినప్పుడల్లా ఆ మాటే వినిపించేది. 2025లో ఆ జీవో రద్దయింది. అయినా ఆ మూడేళ్లలో పక్క ఊరికి నడిచిన చిన్నపిల్లల నడక రద్దు కాలేదు. చిన్న బడిలో ఒక ఉపాధ్యాయుడు రెండు తరగతులకు పాఠం చెప్పవలసి రావడం మంచిది కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ విలీనం గురించి నిర్ణయించేటప్పుడు గదులను, ఉపాధ్యాయులను, ఖర్చును లెక్కిస్తారు. ఊరి పేరు చొక్కా మీద వేసుకుని ఆడే జట్టును ఏ పట్టికలోనూ లెక్కించరు. నార్వేలో అది 20 టైటిళ్ల జట్టు కనుక మ్యూజియం వచ్చింది. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఉండేది. మండల స్థాయి దాటి గెలిచినట్టు నాకు గుర్తు లేదు. ఆ ఆటగాళ్ల పేర్లు మాత్రం వరసగా చెప్పగలను.

ఈ పని వల్ల మన తెలుగు బడిలో ఒక మార్పు చేశాం. జూన్, జులై నెలల్లో సాయంత్రం తరగతులకు పిల్లలు రావడం లేదని రెండేళ్లుగా బాధపడుతున్నాం. వాళ్లు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ సాధనకు వెళుతున్నారు. ఇకమీదట వేసవిలో తరగతులు ఆదివారం ఉదయం జరుగుతాయి. దీన్ని కొందరు తల్లిదండ్రులు వ్యతిరేకించారు. వారి మాట విన్న తర్వాతే కార్యవర్గం నిర్ణయం తీసుకుంది. పిల్లలు నార్వే ప్రయాణం గురించి తెలుగులో రాసిన పేజీలన్నీ కలిపి చిన్న పుస్తకంగా కుట్టించాం. ఒత్తులు, దీర్ఘాలు దిద్దాం తప్ప వాక్యాలను ముట్టుకోలేదు.

మిగతావి: సంక్రాంతి ముగ్గులు మంచు వల్ల ఈసారి హాలు లోపలే వేశాం. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎండబెట్టి పంపిన సభ్యురాలికి కృతజ్ఞతలు. దసరా బొమ్మల కొలువు, బతుకమ్మ ఒకే రోజున జరిపాం. స్థలం చాలలేదు కనుక వచ్చే ఏడు విడివిడిగా జరుపుతాం. జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి విడిగా పంపారు. సందేహాలుంటే సమావేశానికి ముందే అడగవలసిందిగా మనవి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఒక ప్రతిపాదన పెడుతోంది. మన ఇళ్లకు వచ్చి వెళ్లే అమ్మానాన్నలు, అత్తమామలు చదువుకున్న బడుల గురించి, ఆ బడుల కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్ జట్ల గురించి వారి మాటల్లోనే రికార్డు చేద్దాం. ఒక్కొక్కరికి గంట సమయం చాలు. ప్రశ్నలు అడిగేది పిల్లలే. పెద్దవాళ్లు ఎక్కువగా వేసవిలో వస్తారు కనుక, ఎవరింటికి ఏ నెలలో వస్తున్నారో ఉగాదిలోపు నాకు తెలియజేయండి. పాత జట్టు ఫొటో ఏదైనా ఇంట్లో ఉంటే వచ్చేటప్పుడు వెంట తెమ్మని వారికి ఇప్పుడే చెప్పండి.

కార్యదర్శి