వార్షిక నివేదిక 2025: లిస్టులో లేని బదిలీ

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబర్ వరకు మన ఫుట్‌బాల్ అభిమానుల సంఘం ఏం చేసిందో చెప్పే నివేదిక ఇది. ఏటా దీన్ని మ్యాచ్‌ల వరుసలో రాసేవాణ్ణి. ఈసారి అలా రాద్దామంటే మార్చి దగ్గరే కాగితం ఖాళీ అయిపోతోంది. అందుకని ఎక్కువ చోటు జూన్‌లో మనం పెట్టుకున్న బదిలీల సమావేశానికే ఇచ్చాను. ఆ రోజు రానివాళ్లు ఏం పోగొట్టుకున్నారో తెలుసుకోవాలి, వచ్చినవాళ్లు తామేం మాట్లాడారో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

మైదానంలో

ఇది త్వరగా చెప్పేస్తాను. 2024-25 ఐఎస్ఎల్‌ (ఇండియన్ సూపర్ లీగ్)లో 13 జట్లలో మన క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 12వ స్థానంలో నిలిచింది. అంతకుముందు సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున ఉన్నాం కాబట్టి 12ను చూసి కూడా కొందరు మిఠాయి పంచారు. ఫిబ్రవరిలో కోల్‌కతా జట్టు మహమ్మదన్ మీద 3-1 గెలుపు మన గ్యాలరీకి ఈ ఏడాది దొరికిన మంచి సాయంత్రం. డప్పు తోలు చిరిగింది ఆ రోజే.

మార్చి 12న కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 డ్రా. మన క్లబ్ సొంతగడ్డ మీద మొట్టమొదటి మ్యాచ్ ఆడింది కూడా బ్లాస్టర్స్‌తోనే, 2019 నవంబర్ 2న. ఆ రోజు 2-1తో గెలిచాం. మార్చిలో గేటు దాటి బయటికొస్తూ ‘వచ్చే సీజన్లో కలుద్దాం’ అని కేరళ కుర్రాళ్లతో చేతులు కలిపాం. సొంతగడ్డ మీద అదే చివరి మ్యాచ్ అని తెలిసుంటే ఇంకో పది నిమిషాలు ఆ మెట్ల మీదే కూర్చునేవాళ్లం.

బదిలీల సమావేశం

మన దేశంలో ఆటగాళ్లు క్లబ్బులు మారే పెద్ద విండో ఎండాకాలం చివర్లో తెరుచుకుంటుంది. ప్రతి జూన్‌లోనూ మనం కూర్చుని, ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని తెచ్చుకోవాలి అని తలా ఒక లిస్టు చదవడం ఆనవాయితీ. క్లబ్ మన మాట వింటుందన్న భ్రమ ఎవరికీ లేదు. అయినా పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన పెద్దమనుషుల్లా ఒక్కొక్కరి గుణగణాలూ ఎంచకపోతే మనకు తోచదు.

ఈసారి లిస్టులు చదవడం అరగంటలో అయిపోయింది. స్ట్రైకర్ కావాలని అందరూ రాశారు. తర్వాత మాదాపూర్ నుంచి వచ్చే ఒక తమ్ముడు లేచి, ‘కొత్తోళ్ల ముచ్చట తర్వాత. అసలు మనం ఏ ఎండాకాలంల చెడిపోయినం, అది తేల్చుండ్రి’ అన్నాడు. అంతే, మూడు గంటలు. సమోసాలు రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది.

మొదటి వర్గం 2021 అంది. ఆ వేసవిలో లిస్టన్ కొలాకోను ఏటీకే మోహన్ బగాన్‌కు ఇచ్చేశారు. ధర కోటి రూపాయల దాకా ఉంటుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ముందు సీజన్లో 10 గోల్స్ కొట్టిన అరిడానే సంటానా కూడా వెళ్లిపోయాడు. ‘అమ్ముకునే క్లబ్ ఎప్పటికైనా అమ్ముకునే క్లబ్బే’ అని వీళ్ల వాదన. వినడానికి బాగుంది కానీ అదే వేసవిలో ఎవరొచ్చారో చూడండి. ముంబై సిటీతో టైటిల్ గెలిచిన 36 ఏళ్ల బర్తలోమ్యూ ఒగ్బెచే, బెంగళూరు నుంచి హువానన్, స్పెయిన్ నుంచి హావియెర్ సివేరియో, ఏటీకే మోహన్ బగాన్ నుంచి ఎడూ గార్సియా. ఒగ్బెచేను తెచ్చినప్పుడు మన సమావేశంలోనే ‘ఈ వయసులో పరిగెత్తగలడా’ అని వెక్కిరించినవాళ్లున్నారు. పేర్లు రాయను, వాళ్లకు తెలుసు. ఆ సీజన్లో ఆయన 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో బ్లాస్టర్స్‌తో ఫైనల్. పసుపు జెర్సీ హక్కు మనకే దక్కడంతో బ్లాస్టర్స్ నల్ల జెర్సీలో ఆడారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1. అలాంటి కప్పు తెచ్చిన వేసవిని చెడిపోయిన వేసవి అనడం న్యాయం కాదని సభ తేల్చింది. నేనూ చేయెత్తాను.

రెండో వర్గం 2022 అంది. రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లాడు. గెలిచిన జట్టులో ఇటుక తీశారు అన్నారు. తీసినా గోడ కూలలేదు. ఆ సీజన్లో 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచాం, సెమీస్‌లో పెనాల్టీల్లో పోయాం. కాబట్టి ఇది కూడా నిలబడలేదు.

మిగిలింది 2023. దీని గురించి మాట్లాడేటప్పుడు గది ఒక్కసారిగా నెమ్మదించింది. కోచ్ మానోలో మార్కేజ్ గోవాకు, ఆయనతో పాటు ఓడే ఒనైందియా అక్కడికే. మన దగ్గర ఉండగానే భారత జట్టుకు ఆడిన లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. సివేరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు. హాలిచరణ్ నర్జారీ, రోహిత్ దాను బెంగళూరుకు. ఒగ్బెచే కూడా లేడు. బదులుగా కోస్టారికా, ఫిన్లాండ్, మెక్సికో, ఆస్ట్రేలియాల నుంచి కొత్తవాళ్లొచ్చారు. ప్రపంచ పటం చూసి సంబరపడ్డాం. 2024 జనవరి దాటేసరికి వాళ్లలో ఎవరూ లేరు. పాతవాళ్లలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, మన కుర్రాడనుకున్న యాసిర్ గోవాకు వెళ్లిపోయారు. ఆ సీజన్ మిగిలిన మ్యాచ్‌లు దాదాపు పిల్లలతోనే ఆడించారు. చెన్నైలో ఆ ఒక్క గెలుపూ వచ్చింది ఆ పిల్లలతోనే. నా మటుకు నాకు కప్పు తర్వాత ఈ క్లబ్ ఇచ్చిన గొప్ప జ్ఞాపకం అదే.

‘పోయినోళ్లంతా పైసల కోసం పోయిండ్రు’ అని ఒకాయన కోప్పడ్డారు. అప్పుడు మన కోశాధికారి గారు, వృత్తిరీత్యా లెక్కల మనిషి, లేచి చెప్పిన సంగతి ఈ నివేదికలో నమోదు కావాలి.

ఆటగాడి కాంట్రాక్ట్ నడుస్తుండగా ఇంకో క్లబ్ తీసుకెళ్లాలంటే పాత క్లబ్‌కు డబ్బు కట్టాలి. కాంట్రాక్ట్ అయిపోతే ఉచితంగా వెళ్లొచ్చు. ఇది అందరికీ తెలుసు. మూడో దారి ఒకటుంది. క్లబ్ రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 రోజులు గడువు పెట్టొచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకోవడానికి ఫిఫా నిబంధనలు ఒప్పుకుంటాయి. అప్పుడు ఆటగాడూ పోతాడు, రావలసిన డబ్బూ పోతుంది. దానికి తోడు బాకీలు తీర్చేదాకా కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడొచ్చు, అది వరుసగా మూడు విండోల దాకా ఉండొచ్చు. అంటే ఇల్లు ఖాళీ అవుతున్నా కొత్త కాపురం పెట్టనివ్వరు. 2023-24లో మన క్లబ్ మీద ఫిఫా బదిలీల నిషేధం పడినప్పుడు జరిగింది ఇదే.

‘అన్నా, గట్లయితే పోయినోళ్లను తిట్టుడెందుకు?’ అని ఆ మాదాపూర్ తమ్ముడే అడిగాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఏకగ్రీవ తీర్మానంగా రాసుకున్నాను. ఇకమీదట విండోలో ఎవరొచ్చారన్నది కాదు, ఎన్నేళ్లకు సంతకం పెట్టారు, జీతాలు వేళకు అందుతున్నాయా అన్నవి ముందు అడగాలని కూడా అనుకున్నాం.

2024 గురించి మాట్లాడటానికి టైం చాలలేదు. బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకునేసరికి సీజన్ ముంగిట్లో ఉన్నాం, జట్టును హడావుడిగా పోగేశారు. ఆ జట్టే కోల్‌కతాలో మహమ్మదన్‌ను 4-0తో కొట్టింది, కొచ్చిలో బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది. ఆలస్యంగా వండిన అన్నం ఒక్కోసారి బాగానే కుదురుతుంది, రోజూ కుదరదు.

బొల్లారం నుంచి వచ్చే పెద్దాయన అంతసేపూ వింటూ కూర్చున్నారు. చివర్లో ‘బేటా, మా రోజుల్లో సిటీ పోలీస్ జట్టులో ఆడేటోళ్లకు అదే ఉద్యోగం, అదే జీతం. కోచ్ రహీం సాబ్ చేతికింద వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చిండ్రు, 1950 నుంచి 54 దాకా. విండో లేదు, ఏజెంట్ లేడు’ అన్నారు. ‘అంకుల్, ఆ రోజుల్లో కూడా కలకత్తా క్లబ్బులు మనోళ్లను ఎత్తుకుపోయినయి కదా’ అని ఒకమ్మాయి అంది. ఆయన నవ్వి, ‘బలరాం పోయిండు, హబీబ్ పోయిండు, నయీముద్దీన్ పోయిండు. నిజమే’ అని ఒప్పుకున్నారు. సికింద్రాబాద్ కుర్రాడు బలరాం ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకుంటే ఇక్కడ గర్వపడ్డారే గానీ తిట్టలేదని కూడా ఆయనే చెప్పారు. ఆటగాళ్లను పెంచి పంపడం ఈ ఊరికి కొత్త కాదు.

జూలై తర్వాత

జూలై 11న లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను ఆపేస్తున్నట్టు క్లబ్బులకు చెప్పారు. భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో వాళ్లకున్న 15 ఏళ్ల హక్కుల ఒప్పందం డిసెంబర్ 8తో ముగియబోతుండగా, కొత్తది కుదరలేదు. సమాఖ్యకు ఆ ఒప్పందం కింద ఏటా 50 కోట్లు వచ్చేవి. లీగే లేకపోతే టీవీ డబ్బు లేదు, స్పాన్సర్ లేడు, అలాంటప్పుడు ఆటగాడితో ఎన్నేళ్లకు ఒప్పందం రాస్తారు? ఆగస్టులో బెంగళూరు, చెన్నై క్లబ్బులు జీతాలు, కార్యకలాపాలు ఆపాయి. నవంబర్‌లో హక్కుల టెండర్‌కు గడువు దాటినా ఒక్క బిడ్ రాలేదు. మన జూన్ లిస్టులు నా సంచిలోనే ఉండిపోయాయి.

అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి వెళ్తోందని, ఇకపై దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని ప్రకటన వచ్చింది.

ఆ వారం పెట్టిన అత్యవసర సమావేశానికి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. అందరి మాటా ఒక కుర్రాడి నోట వచ్చింది: ‘ఎవరు పోతరు, ఎవరొస్తరు అని ఇన్నేండ్లు కొట్లాడినం. క్లబ్బే పోతదని ఒక్కరి లిస్టులో లేదు.’

కోపం గట్టిగానే ఉంది. జెర్సీలు కాల్చేద్దామన్న మాట కూడా వచ్చింది, కొనడానికి పెట్టిన డబ్బులు గుర్తొచ్చి ఆగారు. అప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మన పుణె సభ్యుడు మెల్లగా ఒక మాటన్నాడు. ‘2019లో మీరు స్వీట్లు పంచుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పంచుకోలేదు.’ నిజమే. మూతపడ్డ ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలోనే మన క్లబ్ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు మనది ఢిల్లీకి. పుణె వాళ్లది మనం తీసుకున్నాం, మనది ఢిల్లీ తీసుకుంది, ఢిల్లీది ఒడిశా ఎప్పుడో తీసుకుంది. ఆ అబ్బాయికి అప్పట్లో ఎవరమూ సారీ చెప్పలేదని గుర్తొచ్చింది. ఆరేళ్లు మనతో కలిసి పసుపు జెండా ఊపినవాడు.

ఢిల్లీకి ఆడే జట్టును అనుసరించాలా వద్దా అన్నదాని మీద ఓటింగ్ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. ఆటగాళ్ల మీద ప్రేమతో చూస్తామన్నవాళ్లున్నారు, ఆ పేరు వినబడితే టీవీ కట్టేస్తామన్నవాళ్లున్నారు. ఇద్దరూ మన సభ్యులే, ఇద్దరి చందా ఒకటే.

మన ఊళ్లోని ఇంకో క్లబ్ శ్రీనిధి దక్కన్ మాట కూడా వచ్చింది. అజీజ్‌నగర్‌లో వాళ్లకు సొంత మైదానముంది, ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచారు. ‘ఇన్నాళ్లూ పక్కింట్లో ఉన్నా పలకరించలేదు, ఇప్పుడు మనింట్లో పొయ్యి ఆరిందని వెళ్తే ఏమనుకుంటారు’ అని ఒకావిడ అడిగారు. ఏమీ అనుకోరని నా నమ్మకం. గ్యాలరీలో డప్పు కొట్టేవాళ్లు ఎవరికైనా కావాలి. కొత్త సీజన్ మొదలయ్యాక ఒక మ్యాచ్‌కు అందరం వెళ్లొచ్చి, తర్వాత మాట్లాడుకుందామని నిర్ణయించాం.

డిసెంబర్ 13

మెస్సీ ఉప్పల్ వచ్చిన రోజు మనవాళ్లు కొందరు వెళ్లారు. సంఘం తరఫున వెళ్లలేదు, టికెట్ ఖర్చు సంఘం పెట్టలేదు, ఆ విషయంలో వచ్చిన పుకార్లకు ఇదే సమాధానం. సువారెజ్, డిపాల్ కూడా ఉన్నారు, ముఖ్యమంత్రి గారు బంతి తన్నారు, స్టేడియం హోరెత్తింది. వెళ్లొచ్చినవాళ్లు సంతోషంగానే ఉన్నారు. నాకు మాత్రం ఆ ఫోటోలు చూస్తుంటే మంగళవారం రాత్రి ఏడున్నరకి రాయదుర్గం మెట్రో దిగి, ఆటో బేరమాడుకుంటూ గచ్చిబౌలి చేరి, ఖాళీ కుర్చీల మధ్య గొంతు పోయేలా అరిచిన మనవాళ్లు కళ్లముందు మెదిలారు. ఈ ఊరికి ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదని ఎవరైనా అంటే ఇక ఒప్పుకోను. ఆ ఇష్టం వారం వారం టికెట్ కొనదు, అంతే.

పాలనా విషయాలు

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. కోశాధికారి గారు సంతకం చేశారు, నేనూ చేశాను. డప్పు మరమ్మతు తప్ప చెప్పుకోదగ్గ ఖర్చేమీ లేదు. చందా ఈ ఏడాది పెంచడం లేదు.

సంఘం పేరులో క్లబ్ పేరు ఉంచాలా తీసేయాలా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో మొదటి అంశం. ఊరి పేరు ఎలాగూ ఉంటుంది, దాని మీద చర్చ లేదు.

జూన్ లిస్టులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి, కావలసినవాళ్లు అడిగి తీసుకోవచ్చు. మార్చి 12న స్టేడియం నుంచి తీసుకెళ్లిన పెద్ద పసుపు జెండా ఎవరింట్లో ఉందో వాళ్లు దయచేసి ఫోన్ చేయండి. వెదురు కర్ర నా దగ్గరుంది.

కార్యదర్శి