ఆ పదమూడు మందే ఎందుకు?

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "సియెర్రా లియోన్‌లో పదకొండేళ్లు యుద్ధం జరిగితే, ఇంత పెద్ద కోర్టు పెట్టి 13 మంది మీదే కేసులా? మిగతావాళ్లంతా ఏమయ్యారు?" అని విసుక్కున్నావు. అది ఫోన్లో తేలే సంగతి కాదురా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

పశ్చిమాఫ్రికాలోని ఆ చిన్న దేశంలో 1991లో మొదలైన యుద్ధం 2002 జనవరిలో ముగిసేసరికి సుమారు 50 వేల మంది పోయారని అంచనా. చివర్లో ఆయుధాలు అప్పగించినవాళ్లే 70 వేల పైచిలుకు. నువ్వన్నట్టు అందరినీ బోనెక్కిస్తే ఏమవుతుందో ర్వాండాలో చూశాం. 1994 నరమేధం తర్వాత అక్కడ లక్ష మందికి పైగా జైళ్లలో కుక్కారు. మామూలు కోర్టులతో పనికాక, ఊరూరా గచాచా అనే పంచాయతీ కోర్టులు పెట్టి 2012 దాకా లక్షల కేసులు తేల్చాల్సి వచ్చింది.

సియెర్రా లియోన్ వేరే దారి పట్టింది. ఐక్యరాజ్యసమితితో ఒప్పందం చేసుకుని 2002లో ప్రత్యేక కోర్టు పెట్టుకుంది. 1996 నవంబరు 30 తర్వాత జరిగిన ఘోరాలకు "అత్యధిక బాధ్యత" ఉన్నవాళ్లనే విచారించాలని చట్టంలోనే రాసుకున్నారు. మీ క్రిమినల్ కోర్టుల ఛార్జిషీట్లలో ఏ1, ఏ2 అంటూ ఏ40 దాకా పోతారు చూడు, ఇక్కడ ఆ మొదటి నాలుగైదు పేర్లతోనే ఆపెయ్యమన్నట్టు. ఈ నియమం సరైనదేనని నా నమ్మకం. ఎందుకో చెప్తా.

1999 జనవరిలో తిరుగుబాటుదారులు రాజధాని ఫ్రీటౌన్‌లోకి చొరబడ్డారు. జనాన్ని పట్టుకుని "పొట్టి చేతుల చొక్కానా, పొడుగు చేతుల చొక్కానా?" అని అడిగేవాళ్లు. పొట్టి అంటే మోచేతి పైన నరకడం, పొడుగు అంటే మణికట్టు దగ్గర. ఆ కత్తి పట్టుకున్నవాళ్లలో పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. ఊళ్లమీద పడి ఎత్తుకొచ్చి, మత్తుమందు ఎక్కించి, చేతికి తుపాకీ ఇచ్చిన పిల్లలు వాళ్లు. పదిహేనేళ్లు దాటినవాళ్ల మీద కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. అయినా ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ పిల్లల జోలికి వెళ్లనని తేల్చి చెప్పాడు. ఆ ఒక్క నిర్ణయానికి ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ పిల్లల్ని అలా తయారుచేసినవాళ్లను వదిలేసి పిల్లల్ని పట్టుకుంటే అది న్యాయం ఎలా అవుతుందిరా?

అసలు చిక్కు పెద్దవాళ్ల దగ్గర వస్తుంది. తిరుగుబాటు దళం నాయకుడు ఫోడే సంకో పేరు మీద ఎవరికీ అనుమానం లేదు. పక్కదేశం లైబీరియాలో అధ్యక్ష పీఠం మీద కూర్చుని వాళ్లకు అండగా నిలిచిన చార్లెస్ టేలర్ మీదా లేదు. కానీ 2003 మార్చిలో సామ్ హింగా నార్మన్‌ను అరెస్టు చేసినప్పుడు దేశంలో సగం మందికి గుండె మండింది. అప్పుడాయన మంత్రి. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే, కమజోర్లనే సంప్రదాయ వేటగాళ్లను కూడగట్టి ప్రజల పక్షాన పోరాడినవాడు. చాలామందికి హీరో. అయితే ఆ కమజోర్లు కూడా చేయరానివి చేశారు. శత్రువుకు సాయం చేశారన్న అనుమానంతో మామూలు జనాన్ని చంపారు, కెనెమా పట్టణంలో పోలీసుల్ని చంపారు. పోరాడింది మంచి వైపునే అయినంత మాత్రాన ఆ చచ్చిపోయినవాళ్లు తక్కువ చచ్చిపోలేదు కదా. తిరుగుబాటు దళం, ప్రభుత్వాన్ని కూలదోసిన సైనికులు, కమజోర్లు, ఈ మూడు పక్షాల మీదా అభియోగాలు మోపడం కేవలం పైకి సమానంగా కనిపించడానికేనని విమర్శించినవాళ్లు ఉన్నారు. నేనది ఒప్పుకోను. ఓడినవాళ్లనే బోనులో నిలబెట్టి ఉంటే ఆ కోర్టును ఎవరు నమ్మేవాళ్లు?

కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. యుద్ధకాలంలో నార్మన్ రక్షణ శాఖ ఉపమంత్రి. ఆ శాఖ మంత్రి స్వయంగా అధ్యక్షుడు కబ్బా. కిందివాడిది అత్యధిక బాధ్యత అయితే పైవాడి సంగతేమిటి? నార్మన్ లాయర్లు కబ్బాను సాక్షిగానైనా పిలవమని అడిగితే, 2006లో కోర్టు కుదరదంది. కబ్బాను ముద్దాయిని చేయాల్సిందేనని నేననడం లేదు. సాక్ష్యాలు లేకపోయి ఉండొచ్చు. ఇద్దరికీ తేడా ఏమిటో ఊళ్లో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సింది. ఎవరిని పట్టుకున్నారన్నదానికి తీర్పుల్లో వందల పేజీల కారణాలుంటాయి, ఎవరిని ఎందుకు వదిలారన్నదానికి మాత్రం ఒక్క పేజీ ఉండదు. నార్మన్ తీర్పు వినకుండానే 2007 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఇక నీ ప్రశ్నకు వస్తా. నీ కోపంలో న్యాయం ఉన్నది ఇక్కడే. 1999 జులైలో టోగో రాజధాని లోమేలో కుదిరిన శాంతి ఒప్పందం అందరికీ క్షమాభిక్ష పెట్టింది. సంకోకు ఉపాధ్యక్షుడి హోదా, ఖనిజాల కమిషన్ అధ్యక్ష పదవి కూడా ఇచ్చారు. సంతకం చేసేటప్పుడు ఐక్యరాజ్యసమితి ప్రతినిధి, ఈ క్షమాభిక్ష నరమేధానికీ, యుద్ధ నేరాలకూ, మానవత్వంపై నేరాలకూ వర్తించదని చేత్తో ఓ వాక్యం రాసి కలిపాడు. ఆ క్షమాభిక్ష తమకు అడ్డం కాదని ప్రత్యేక కోర్టు 2004లో తేల్చింది. కానీ ఆ దేశంలోని మామూలు కోర్టుల్లో అది అలాగే ఉండిపోయింది. అంటే పైన 13 మంది, వాళ్ల కింద దాదాపు ఎవ్వరూ లేరు. ఆ 13 మందిలోనూ సంకో, నార్మన్ కస్టడీలో ఉండగానే పోయారు, ఒకడు హత్యకు గురయ్యాడు, ఇంకొకడి జాడే లేదు. చివరికి శిక్ష పడింది తొమ్మిది మందికి. టేలర్‌కు 50 ఏళ్లు.

పెద్ద నాయకుడికీ పసిపిల్లాడికీ మధ్య ఇంకొకడుంటాడు కదా. ఊరి స్థాయి కమాండరు, పాతికేళ్లవాడు, తెలిసి చేసినవాడు. చెయ్యి పోగొట్టుకున్న మనిషి గుర్తుపట్టేది వాడి మొహాన్నే. వాడి కోసం ఏ కోర్టూ లేదు. ఆయుధాలు అప్పగించినవాళ్లకు ముందే శిక్షణ, డబ్బు అందాయి. బాధితులకు పరిహారం మొదలయ్యేసరికి 2008 దాటింది, చాలామంది చేతికొచ్చింది దాదాపు 100 డాలర్లు. ఫ్రీటౌన్‌లో ఈ ప్రత్యేక కోర్టుకు ఖర్చుపెట్టిన దాంట్లో కొంత ఆ దేశపు కోర్టులకే ఇచ్చి, ఆ మధ్యవాళ్ల మీద కేసులు నడిపించి ఉండాల్సిందిరా. ఆ క్షమాభిక్షను దేశంలోపల కూడా యుద్ధ నేరాల మేరకు తీసెయ్యాల్సింది. అప్పుడు 13 అన్న లెక్క మీద నాకే పేచీ ఉండేది కాదు.

నువ్వు రోజూ క్రిమినల్ కోర్టుల్లో తిరిగేవాడివి. ఆ మధ్యవాడి మీద కేసు కట్టాలంటే, పదేళ్ల తర్వాత ఒక్క సాక్షి మాట మీద నిలబడుతుందంటావా? సంక్రాంతికి వచ్చేలోపే రాయి. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
రఘు