మార్ష్‌మెల్లో కుకీల తయారీ చెప్పేటప్పుడు జెలటిన్ సంగతీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లల కోసమని పత్రికల ఆదివారం పుటల్లో కేకులు, కుకీల తయారీ విధానాలు తరచుగా వస్తున్నాయి. మొన్నటి వేసవిలో మా మనవరాలు అలాంటి ఒక పుట కత్తిరించి తెచ్చి, స్మోర్స్ రుచిలో చాక్లెట్ చిప్ కుకీలు చేసిపెట్టమంటే, అందులో రాసినది రాసినట్టే చేయబోయాను. ఇటువంటివి అచ్చువేసేవారికి ఒక విన్నపం చేయవలసి ఉందని అప్పుడే అనిపించింది.

స్మోర్స్ అమెరికా పిల్లలు ఆరుబయట మంట చుట్టూ కూర్చుని చేసుకొనే తినుబండారం. కాల్చిన మార్ష్‌మెల్లోను (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయిని), చాక్లెట్ ముక్కను రెండు గ్రాహం బిస్కెట్ల నడుమ పెట్టి తింటారు. అక్కడి గర్ల్ స్కౌట్స్ 1927లో అచ్చువేసిన పుస్తకంలోనే దీని తయారీ ఉంది. గ్రాహం బిస్కెట్లు మన అంగళ్లలో కనబడకపోయినా, డైజెస్టివ్ బిస్కెట్ల పొడి ఆ లోటు చాలావరకు తీరుస్తుంది. చిక్కంతా మార్ష్‌మెల్లోతోనే.

దానికి ఆ సాగే మెత్తదనం ఇచ్చేది సాధారణంగా జెలటిన్. అది పశువుల చర్మం, ఎముకల నుంచి, చాలాసార్లు పంది చర్మం నుంచి తీసే పదార్థం. పిండి కలపబోతూ మార్ష్‌మెల్లో పొట్లం తిప్పి చూస్తే మాంసాహారాన్ని తెలిపే గోధుమరంగు త్రిభుజం కనబడింది. మా ఇంట్లో మాంసం ముట్టము. మా పక్కింటివారు ముస్లింలు, హలాల్ అని తేలనిది వారు ముట్టరు. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామిని దర్శించుకొనే ఊరు మాది. ఎవరింట పిండివంట చేసినా పక్కింటికి ఒక పళ్లెం వెళ్లవలసిందే. ఆ గుర్తు నా కంట పడకపోయి ఉంటే, వారి పిల్లలకు వారు తినకూడనిదాన్ని నా చేతులతోనే పెట్టి ఉండేదాన్ని. ఆ తలపు నన్ను ఇప్పటికీ బాధపెడుతున్నది. గుడ్డు సంగతి వేరు. వేయమని రాసినప్పుడే తెలుస్తుంది కనుక తిననివారు మానుకుంటారు. మార్ష్‌మెల్లో అన్న పేరులో జెలటిన్ కనబడదు. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వంటివాటితో చేసిన, పచ్చచుక్క ఉన్న మార్ష్‌మెల్లోలు కూడా దొరుకుతాయి. మేము చివరకు అవే తెప్పించుకున్నాము.

రెండో మాట మా ఎండల గురించి. వెన్నను మెత్తబడేవరకు బయట ఉంచమని ఆ పుటలో ఉన్నది. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కడప వంటగదిలో వెన్న మెత్తబడి ఆగదు, కరిగి నూనె అవుతుంది. కరిగిన వెన్నలో చక్కెర ఎంత గిలకొట్టినా గాలి నిలవదు కాబట్టి, నా మొదటి వాయి ఓవెన్‌లో పరచుకుపోయి కుకీలన్నీ ఒకే అట్టులా అతుక్కున్నాయి. మరునాడు తెల్లవారుజామున కలిపి, ఉండలు చేసి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి కాల్చితే చక్కగా నిలిచాయి. మార్ష్‌మెల్లోను కూడా పిండిలో కలిపితే కరిగి పళ్లేనికి అంటుకొని మాడుతుంది. కుకీ దాదాపుగా కాలిన తరువాత, చివరి 2, 3 నిమిషాలు పైన పెడితే ఉబ్బి, అంచులు మాత్రమే ఎర్రబడతాయి.

ఇక వేడి 350 డిగ్రీలని రాశారు. అది ఫారెన్‌హీట్ లెక్క. మా ఓవెన్ మీట 250 దగ్గరే ఆగిపోతుంది. సెల్సియస్‌లో సుమారు 175 అని రాసి ఉంటే తికమక ఉండేది కాదు. మైదాను సైతం కప్పుల్లో కాక గ్రాములలో చెప్పాలి. అమెరికా కప్పు మైదా సుమారు 120 గ్రాములు తూగుతుంది, మన ఇళ్లలోని కప్పులు ఒక్కొక్కటి ఒక్కో కొలత.

కొలతల పొరపాటుకు పోయేది కాస్త పిండి, వెన్న మాత్రమే. జెలటిన్ విషయం అలాంటిది కాదు కనుక, మార్ష్‌మెల్లో, జెల్లీ వంటివి వాడే వంటకం ఏది అచ్చువేసినా, కావలసిన వస్తువుల పట్టికలోనే ఆ పేరు పక్కన "పొట్లం మీద పచ్చచుక్క చూసి కొనండి" అన్న ఒక్క మాట చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కడప.