పోర్ట్ పెట్టుకోమనే ముందు

సంపాదకులకు,

నగరంలో కాల్స్ తెగిపోతున్నాయంటూ పది రోజుల కిందట మీ సిటీ పేజీలో వచ్చిన కథనం రావాల్సిందే. కానీ చివర్లో ‘నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోండి’, అంటే పాత నంబరుతోనే వేరే కంపెనీకి మారండి అని ఇచ్చిన సలహా చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్లీ కదలడానికి వీల్లేదు. పాత ప్యాకులో మిగిలిన రోజులు, డేటా పోయినట్టే. ఏమీ చూసుకోకుండా మారినవాళ్లు మూడు నెలలు అదే తిప్పలు కొత్త కంపెనీతో పడాలి.

అసలు కాల్స్ ఎందుకు తెగుతున్నాయో ఆ కథనంలో లేదు. ఫోన్ మీద 5జీ అని కనబడగానే కాల్ కూడా 5జీలోనే పోతోందనుకుంటాం. చాలా కాల్స్ ఇప్పటికీ 4జీ మీదే నడుస్తున్నాయి. ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలుపెట్టింది 4జీ ఆసరాతో నడిచే 5జీ. జియో ఆ నవంబరులో తెచ్చింది 4జీతో పనిలేని విడి నెట్‌వర్క్. రెండింటికీ ఆధారమైన 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు డేటాను వేగంగా మోస్తాయిగానీ గోడలు దాటడం కష్టం. రెండు శ్లాబులు, ఒక లిఫ్టు గోడ అడ్డమొస్తే చాలు. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల అద్దాలకు వేడి ఆపడానికి వేసే సన్నని లోహపు పూత సిగ్నల్‌నూ ఆపేస్తుంది. అలాంటి చోట ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతుంటుంది. రింగు వెళ్లకముందే కాల్ పోవడం, గొంతు ముక్కలు ముక్కలుగా వినపడటం అందుకే. 700 మెగాహెర్ట్జ్ తరంగాలైతే ఇళ్లలోకి బాగా వస్తాయి. 2022 వేలంలో వాటిని కొన్న ప్రైవేటు కంపెనీ జియో ఒక్కటే.

కాబట్టి మారదలచినవాళ్లు ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ పక్కింట్లో అడిగి తెచ్చుకుని సొంత ఇంట్లో చూసుకోవాలి. హాల్లో కాదు, వెనక పడకగదిలో, వంటింట్లో, సెల్లార్‌లో. అదీ రాత్రి 8 నుంచి 10 మధ్య, టవర్ల మీద రద్దీ ఉన్నప్పుడు. పైన కనిపించే గీతలను నమ్మొద్దు, అవి ఒక్కో ఫోన్‌లో ఒక్కో తీరుగా ఉంటాయి. ఫోన్‌ను 4జీకి మార్చి, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గర ఉంటే దిగులు లేదు. మైనస్ 110 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మైనస్ 120కి చేరితే కాల్ నిలవదు. అంకె బాగానే ఉండి కాల్ కలవకపోతే ఆ టవర్ మీద జనం ఎక్కువైనట్టు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే కంపెనీ మారక్కర్లేదు. మామూలు కాల్స్‌ను ఇంటి ఇంటర్నెట్ మీదుగా పంపే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది, దానికి అదనపు ఖర్చు లేదు. చాలా ఫోన్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, షోరూముల్లోనూ ఎవరూ చెప్పరు.

ఇక ఫోన్ సంగతి. 2జీ డబ్బా ఫోన్‌లో జియో సిమ్ వేస్తే పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ అన్నదే లేదు. ఎయిర్‌టెల్ 3జీని ఎప్పుడో మూసేసింది. అందువల్ల వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) లేని పాత 4జీ ఫోన్‌లో కాల్ రాగానే 2జీకి జారిపోతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. ఫోన్‌కు బ్యాండ్ 28 లేకపోతే ఆ 700 అందదు, ఇంట్లో మళ్లీ మొదటికే. బీఎస్‌ఎన్‌ఎల్‌లో ఉన్నవాళ్లు పాత సిమ్ ఇచ్చి 4జీ సిమ్ తీసుకోవాలి. ఏ కంపెనీలోనైనా సిమ్ మార్చిన 7 రోజుల దాకా పోర్ట్ కోడ్ ఇవ్వరని 2024 జులై నుంచి నిబంధన. 1900కు మెసేజ్ పెడితే వచ్చే ఆ 8 అక్షరాల కోడ్ ఇక్కడ 4 రోజులే చెల్లుతుంది.

ఇంత చూసుకున్నా ఎంచుకోవడానికి ఎన్ని కంపెనీలు మిగిలాయి? ఎయిర్‌సెల్ పోయింది. టాటా డొకొమో, టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటయ్యాయి. మిగిలిన మూడు ప్రైవేటు కంపెనీలూ 2024 జూన్ చివర్లో రెండు రోజుల వ్యవధిలో ధరలు పెంచుతున్నట్టు ప్రకటించాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరల జోలికి పోదు. నెల అంటే 28 రోజులని చెప్పి ఏడాదికి 13 సార్లు రీచార్జి చేయిస్తుంటే, 30 రోజుల ప్యాకు ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి తిరిగొచ్చేది ఒకటి ఉండాలని 2022లో ట్రాయ్ చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. డేటా అక్కర్లేని పెద్దవాళ్ల కోసం కాల్స్, మెసేజీల ప్యాకు పెట్టమంటే 84 రోజులది, దాదాపు ఏడాదిది తెచ్చారు. కూలి డబ్బుతో నెలకోసారి రీచార్జి చేసుకునే మనిషి ఒకేసారి రూ.450 ఎక్కడ తెస్తాడు?

గేటెడ్ కమ్యూనిటీల్లో అయితే పోటీ గేటు బయటే ఆగిపోతోంది. లోపల పరికరాలు పెట్టుకునే హక్కు ఒక్క కంపెనీకే రాసిచ్చాక నివాసులు ఎక్కడికి పోర్ట్ పెట్టుకోవాలి? భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇవ్వడానికి ట్రాయ్ 2024 అక్టోబరులో నిబంధనలు తెచ్చింది. పార్కింగు, అగ్నిమాపక ఏర్పాట్లు చూసి అనుమతులిచ్చే మన అధికారులు ఇంటి లోపల సిగ్నల్‌ను కూడా ఎందుకు చూడరు?

మార్చినా మార్చకపోయినా ఫిర్యాదు మాత్రం మానొద్దు. కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదుకిచ్చే డాకెట్ నంబరు రాసుకోవాలి, తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు చూడదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలోనే తేల్చింది.

కంపెనీలు వెబ్‌సైట్లలో పెట్టిన కవరేజీ మ్యాపుల్లో నగరమంతా రంగు నిండిపోయి కనిపిస్తుంది, ఇంటి లోపల సంగతి వాటిలో తెలియదు. రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కల్లో నేటికీ ఒకే సర్కిల్ (విభాగం). ఆ సగటు చూసి అమీర్‌పేటలో ఏ సిమ్ కొనాలో ఎవరు చెప్పగలరు? మీ విలేకరులు ఈసారి కంపెనీలవాళ్లను కలిసినప్పుడు, డివిజన్‌వారీగా ఎన్ని కాల్స్ తెగిపోతున్నాయో అడిగి, వాళ్లిచ్చిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చువేయండి.

ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్