పంపు పిస్టల్ బాగుచేతకు రెండు వేలు చాలు

సంపాదకుల వారికి,

నమస్కారం. చేతితో పంపు కొట్టి పేల్చే ఎయిర్ పిస్టళ్లను తక్కువ ఖర్చుతో ఎలా మార్చుకోవచ్చో చెబుతూ గత ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. అందులో పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నా, స్ప్రింగు గట్టిది వేయించి, వాల్వు రంధ్రం పెద్దది చేయిస్తే పవర్ రెట్టింపు అవుతుందన్న వాక్యం మాత్రం నాకు మింగుడుపడలేదు. నేను ఒంగోలులో ముప్పై ఏళ్లుగా లేత్ షాపు నడుపుతున్నాను. మా తమ్ముడి కూతురు పది మీటర్ల పిస్టల్ సాధన మొదలుపెట్టిన నాటి నుంచి ఆ పిస్టల్ మరమ్మతు కూడా నా మెడకే చుట్టుకుంది. మీ కథనం వచ్చిన మర్నాడే ఇద్దరు కుర్రాళ్లు ఆ కాగితం ముక్కను కత్తిరించి తెచ్చి, "బాబాయ్, ఇందులో రాసినట్టు మాదానికి కూడా పవర్ పెంచి పెట్టవా" అని షాపు ముందు నిలబడ్డారు. వారికి నోటితో చెప్పిన జవాబునే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

పంపు పిస్టల్ పనితీరు సైకిల్ పంపు కొట్టిన వారెవరికైనా అర్థమయ్యేదే. పిడిని తెరిచి మూసిన ప్రతిసారీ పిస్టన్ కొంత గాలిని నొక్కి వాల్వు గదిలోకి తోస్తుంది. ట్రిగ్గరు నొక్కినప్పుడు స్ప్రింగు తోసిన సుత్తి వెళ్లి వాల్వును తడితే ఆ గాలి ఒక్కసారిగా బయటపడి పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, గొట్టంలో నుంచి నెడుతుంది. అంటే పెల్లెట్‌కు అందే శక్తి అంతా మన చేతి కండ పెట్టిన శక్తే గాని, స్ప్రింగు ఎక్కడి నుంచో తెచ్చి ఇచ్చేది కాదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 130 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి సుమారు 4.2 జౌల్స్. శక్తి రెట్టింపు కావాలంటే వేగం 184 మీటర్ల దగ్గరకు చేరాలి, అందుకు చెయ్యి కనీసం రెండింతలు శ్రమపడాలి. తయారీదారు చెప్పిన లెక్కలో పంపు కొట్టినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న వాల్వు లోపలి గాలిని దాదాపు మొత్తంగా ఒకే దెబ్బకు వదిలేస్తుంది. ఇక వాల్వులో మిగిలే గాలే లేనప్పుడు గట్టి స్ప్రింగు దేన్ని బయటికి తెస్తుంది? ట్రిగ్గరు బరువెక్కడం, సుత్తి దెబ్బకు పిస్టల్ అదరడం, ఆ అదురుకు గురి చెదరడం తప్ప దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

పంపుల సంఖ్య పెంచితే సరిపోదా అని ఆ కుర్రాళ్లు అడిగారు. అమెరికాలో క్రాస్‌మన్ సంస్థ 1977లో తెచ్చిన 1377 అనే పిస్టల్‌ను వారు ఫోనులో చూపించారు. ఈ రకం పిస్టళ్లకు అది పెద్దన్న వంటిదే, దానికి కూడా పది పంపులే హద్దు. ఒక్కో పంపుకు పెరిగే వేగం క్రమంగా తగ్గుతూ, పిడి మీద పడే బరువు మాత్రం పెరుగుతూ పోతుంది. హద్దు దాటితే లోపలి ఒత్తిడికి వాల్వు బిగుసుకుపోయి, సుత్తి ఎంత కొట్టినా తెరుచుకోని స్థితి వస్తుంది. ఇదే జిల్లాలో ఎక్కడో వాల్వు రంధ్రం పెద్దది చేయించుకుని, పదహారు పంపులు కొట్టిన పిస్టల్ ఒకటి నిరుడు నా బల్ల మీదికి వచ్చింది. పిడిని పట్టి ఉంచే పిన్ను తెగి, పిడి వెనక్కి కొట్టుకుని, ఆ అబ్బాయి బొటనవేలి గోరు ఊడింది. వేలు మానింది గాని, రంధ్రం పెద్దదైన అల్యూమినియం వాల్వును మళ్లీ చిన్నది చేసే విద్య నా లేత్‌కు లేదు.

ఇంతకీ డబ్బు దేని మీద పెట్టాలి? మొదట సీళ్ల మీద, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు భాగాల మీద. మా అమ్మాయికి దొరికిన పిస్టల్ చెన్నైలోని బంధువులు ఇచ్చిన పాతది, ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్నది. పంపు కొట్టి వదిలితే పిడి దానంతటదే తిరిగి లేచేది. పిస్టన్ తోసిన గాలిని వాల్వు లోపల నిలపలేక వెనక్కి వదులుతున్నదని అది చెప్పే భాష. మూడు పంపులు కొట్టి, పెల్లెట్ వేయకుండా, అతుకుల దగ్గర సబ్బు నురుగు రాస్తే ఎక్కడ బుడగ లేస్తే అక్కడ గాలి కారుతున్నట్టు. విప్పి చూస్తే ఓ-రింగులు, అంటే సీళ్లుగా వాడే రబ్బరు రింగులు, చలికాలపు బెల్లంలా గట్టిపడి ఉన్నాయి. చీమకుర్తి క్వారీల్లో రాయి తొలిచే గాలి యంత్రాల పుణ్యమా అని మా ఊళ్లో ఏ కొలత నైట్రైల్ ఓ-రింగు కావాలన్నా హైడ్రాలిక్ సీళ్ల దుకాణంలో రూపాయల్లో దొరుకుతుంది. పాతదాన్ని వెంట తీసుకువెళ్లి, గాడి వెడల్పును కూడా కొలిచి తెచ్చుకోవడం ఒక్కటే పని. పిస్టన్ చివరి రబ్బరు కప్పు మాత్రం అదే కొలతలో దొరకలేదు. అందుకని పిస్టన్‌కు గాడి తీసి ఓ-రింగు కూర్చాను. పిడి పూర్తిగా మూసుకున్నప్పుడు పిస్టన్ ముఖం వాల్వు ముఖాన్ని సరిగ్గా తాకేటట్టు కడ్డీ పొడవును సరిచేశాను. ఆ రెంటి మధ్య జానెడు ఖాళీ అక్కర్లేదు, ఒక మిల్లీమీటరు మిగిలినా అక్కడ నొక్కుకున్న గాలి వాల్వులోకి వెళ్లకుండా ప్రతి పంపులోనూ వృథా అవుతుంది. తయారీదారు అనుకున్న పవర్ అంతటితో దానికి తిరిగి వచ్చింది. నేను కొత్తగా పెంచింది ఏమీ లేదు.

నూనె గురించి ఒక మాట. కొబ్బరి నూనె పోసి తెచ్చిన పిస్టల్‌ను చూశాను, గోధుమపిండి కలిపినట్టు లోపలంతా జిడ్డు. సీళ్లకు సిలికాన్ నూనె రెండు చుక్కలు చాలు.

తర్వాతి ఖర్చు పెల్లెట్లది, చాలామంది పిసినారితనం చూపేది కూడా ఇక్కడే. అడుగు అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ గొట్టంలో గాలిని సరిగా ఆపదు కనుక, ఎంత మంచి పిస్టల్ అయినా దాన్ని ఒక్కోసారి ఒక్కో చోట పడేస్తుంది. రెండు మూడు రకాల చదునుతల పెల్లెట్లను చిన్న డబ్బాలుగా కొని, పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒకే లెక్కలో పంపు కొడుతూ ఒక్కో రకానికి అయిదేసి చొప్పున కొట్టి చూస్తే, ఆ గొట్టానికి ఏది నచ్చిందో కాగితమే చెబుతుంది. కాగితం మీద గురికి నాలుగు పంపులు చాలు. నాలుగంటే ప్రతిసారీ నాలుగే కావాలి. గొట్టం శుభ్రం చేయడానికి ఇనుప కడ్డీ దూర్చి లోపలి గాట్లను, మూతి అంచును పాడుచేసుకోకుండా, కొత్తపట్నం జాలరులు గాలానికి వాడే నైలాన్ తీగకు చిన్న గుడ్డపీలిక కట్టి లాగితే సరిపోతుంది.

పంపు పిడి కాదు, పిస్టల్‌ను పట్టుకునే పిడి విషయంలో మాత్రం నేను కొంత షోకు పడ్డానని ఒప్పుకుంటాను. కంపెనీ ప్లాస్టిక్ పిడి పదిహేనేళ్ల పిల్ల చేతికి దుంగలా ఉండేది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివారి చేతివాటం తెలిసినదే కదా. తడిమట్టి ముద్దను అమ్మాయి చేత పిడికిలి పట్టించి, ఆ అచ్చు తీసుకువెళ్లి వారిలో ఒకరికి ఇచ్చాను. అరచేతి కింద చిన్న అరుగుతో, బొటనవేలికి ఒదుగుతో ఆయన చెక్కి ఇచ్చిన పిడి వచ్చాక, ఆమె గురి నిలపడంలో వచ్చిన మార్పు మిగతా మార్పులన్నిటి కంటే ఎక్కువ. పోటీ నిబంధనల ప్రకారం పిడి మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు కనుక, ఆ మేరకే చెక్కమని ముందే చెప్పాను.

ట్రిగ్గరు దగ్గర చెయ్యి ఆపడం తెలియాలి. తుప్పు, పాత గ్రీజు తీసి, రాపిడి ఉన్న చోట కొత్త గ్రీజు సన్నగా రాస్తే చాలావరకు సున్నితమవుతుంది. సుత్తిని పట్టి ఉంచే కొక్కెం అంచును అరగదీస్తే ట్రిగ్గరు వెంట్రుకవాసిలో తెగుతుంది, కింద పెట్టిన కుదుపుకు కూడా పేలుతుంది. అంతర్జాతీయ పది మీటర్ల పోటీల్లోనే ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువును మోయాలని నియమం ఉంది. మాది అరకిలో తూకపు రాయిని ట్రిగ్గరుకు వేలాడదీసి పరీక్షించినది.

మొత్తం ఖర్చు చెబుతాను: సీళ్లకు 180 రూపాయలు, సిలికాన్ నూనెకు 220, పిడికి 900, పెల్లెట్లకు 500, వెరసి 1,800. నా కూలి లెక్కవేయలేదు, ఇంటి పిల్ల కదా. ఆనించి కొట్టినప్పుడు అయిదు పెల్లెట్లు అరచేతి వెడల్పున పడుతున్న పిస్టల్, ఇప్పుడు అయిదింటినీ పాత రూపాయి బిళ్లంత చోట వేస్తోంది. పోటీ కాగితం మీద పది పాయింట్ల నడి గుండ్రం వెడల్పు 11.5 మిల్లీమీటర్లేనని గుర్తుచేస్తే, ఇంకా వెళ్లవలసిన దూరం ఎంతో ఉందని అమ్మాయి తనంతట తానే అంది.

మీ కథనంలో అసలు కనబడనిది చట్టం ప్రసక్తి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్‌కు మించని ఎయిర్ గన్నులకే లైసెన్సు మినహాయింపు. ఫోనులో చూసి 5.5 మిల్లీమీటర్ల గొట్టం వేయించుకోవాలని అడిగేవారు ఉన్నారు. 1377కు తోబుట్టువైన 1322 అనే 5.5 పిస్టల్‌ను అమెరికాలో మామూలుగా కొనుక్కుంటారేమో గాని, ఇక్కడ గొట్టం మార్చిన క్షణం నుంచే అది లైసెన్సు కావలసిన ఆయుధం, శక్తి ఎంత తక్కువైనా సరే. అది ఆటవస్తువు అనుకుని నడుముకు దోపుకుని బజారుకు వెళ్లే కుర్రాళ్లకు, ఎదురుగా ఉన్న పోలీసుకు అది అసలు పిస్టల్ లాగే కనిపిస్తుందని కూడా ఎవరో చెప్పాలి. పవర్ ఎందుకురా అని తరచి అడిగితే చివరకు బయటపడే జవాబు చాలాసార్లు చెరువు కట్ట మీది కొంగలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని వేటాడడాన్ని నేరమంటుంది. ఆ జవాబు చెప్పిన వారి పిస్టళ్లకు నా షాపులో సీలు కూడా మార్చను.

సాధనకు పెద్ద హంగులు అక్కర్లేదు. మా అమ్మాయి టంగుటూరు దగ్గర చుట్టాల పొగాకు గోడౌన్‌లో, ఒక కొసన తలుపు గడియ పెట్టి, కంటికి అద్దాలు పెట్టుకుని, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున కాగితం కట్టి కొడుతుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టనివ్వను. కాగితం వెనక ఇనుప రేకు పెడితే పెల్లెట్ తిరిగి వస్తుంది. జానెడు మందాన పాత దినపత్రికలు గట్టిగా కట్టి పెడితే అందులోనే ఆగిపోతుంది. మా ఇంట్లో ఆ కట్ట మీ పత్రికదే, తప్పుగా అనుకోవద్దు.

ఆ కథనానికి సవరణ వేసేటప్పుడు 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ అన్న రెండు అంకెలనూ, తయారీదారు చెప్పిన పంపుల హద్దును దాటవద్దన్న మాటనూ, మొదటి కథనం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ కాగితం ముక్క తెచ్చిన కుర్రాళ్లు వచ్చే ఆదివారం మళ్లీ వస్తామన్నారు.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
ఒంగోలు, ప్రకాశం జిల్లా