మంత్రిగారూ, మా పిల్లల పళ్లకు చీటీ ఇచ్చి వదిలేయకండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. ఉత్తరాంధ్రలోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా ఊరి ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలిని. మా పిల్లల పుచ్చు పళ్లకు వైద్యం అందడం లేదని సోమవారం అర్జీల్లో రాశాం. మండలానికి వచ్చిన అధికారులకు చెప్పాం. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మైకు అందుకుని మరీ అడిగాం. అర్జీ ఇచ్చిన కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే చెప్పేవాళ్లు లేరు. పిల్లల నోట్లో పుచ్చు పళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇక నలుగురూ చదివేలా మీకే రాద్దామని కూర్చున్నాను.

మా బాధంతా ఆ చీటీ గురించే సార్. బడికి ఆరోగ్య బృందం వస్తుంది. వచ్చేవాళ్లు మంచివాళ్లే, వాళ్లమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎత్తు, బరువు చూస్తారు, కళ్లు చూస్తారు, టార్చి వేసి నోరు తెరవమంటారు. పుచ్చు పన్ను కనిపిస్తే 'ఆస్పత్రిలో చూపించాలి' అని చీటీ రాసి టీచరు చేతికిస్తారు. అది పుస్తకాల సంచిలో మడతలు పడి సాయంత్రానికి ఇంటికొస్తుంది. అక్కడితో సరి. మరుసటి ఏడు మళ్లీ వస్తారు, అదే పిల్లకు అదే పన్ను చూసి మళ్లీ చీటీ రాస్తారు. పోయిన ఏడాది ఇచ్చిన చీటీ ఏమైంది, ఈ పిల్లను ఎవరైనా చూశారా లేదా అని అడిగే గడి ఆ ఫారంలో ఎక్కడా కనిపించలేదు. నేను అడిగి చూశాను.

ఈ బృందాల్ని పంపే ఆర్‌బీఎస్‌కే, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైనప్పటి నుంచీ పిల్లల్లో చూడాల్సిన 30 సమస్యల జాబితాలో పుచ్చు పళ్లు ఉన్నాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. గుర్తించిన పిల్లలకు పైసా ఖర్చు లేకుండా వైద్యం చేయించాలని, జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి సార్. మా పిల్లల దాకా వచ్చింది చీటీ ఒక్కటే.

ఆ చీటీ పట్టుకుని వెళితే ఏమవుతుందో చెబుతాను. మా వీధిలో ఒక పాప, మూడో తరగతి, ఎనిమిదేళ్లు. వాళ్లమ్మ రాయమంటేనే రాస్తున్నాను. చీటీ ఇచ్చినప్పుడు పంట్లో నల్లటి చుక్క మాత్రమే ఉంది. దానికోసం ఒకరోజు పని మానుకోవడం ఎందుకని వాళ్లమ్మ ఆగింది. ఉపాధి పనికి వెళ్లకపోతే ఆరోజు కూలి పోయినట్టే కదా. వానాకాలం వచ్చేసరికి పాప ఎడమవైపు నమలడం మానేసింది. తర్వాత రాత్రుళ్లు ఏడుపు. పంట్లో లవంగం పెట్టారు. పొగాకు నలిపి పెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకరోజు లేచేసరికి బుగ్గ ఉబ్బిపోయి కన్ను సగం మూసుకుపోయింది.

దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే పళ్ల డాక్టరు డెప్యుటేషన్ మీద వేరే ఊరు వెళ్లారన్నారు. కుర్చీ ఉంది, దానిమీద గుడ్డ కప్పి ఉంది. మరోరోజు వెళ్తే డాక్టరు ఉన్నారుగానీ, చిన్నపిల్ల కదులుతుంది, ఇక్కడ కుదరదు, జిల్లా కేంద్రానికి పొండి అన్నారు. షేర్ ఆటో, బస్సు, మళ్లీ ఆటో. అక్కడ క్యూలో నిలబడి ఎక్స్‌రే తీయించుకుంటే వాపు తగ్గాక రండని మాత్రలు రాశారు. మాత్రలతో నొప్పి తగ్గింది. నొప్పి తగ్గాక మళ్లీ అంత దూరం ఎవరు తీసుకెళ్తారు? రెండోసారి బుగ్గ వాచాక ప్రైవేటుకు పరుగెత్తారు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలబడుతుంది, వేలల్లో అవుతుందన్నారు. పీకితే కొన్ని వందలే. పీకించేశారు.

మంత్రిగారూ, అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వరస చివర, ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చే దవడ పన్ను. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి మా ఊళ్లో అందరూ దాన్నీ పాలపన్నే అనుకుంటారు, ఎలాగూ ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. చీటీ మీద కూడా 'పుచ్చు పన్ను' అని ఉందిగానీ, ఇది శాశ్వతంగా ఉండాల్సిన పన్ను, ఆలస్యం చేయొద్దని ఎవరూ రాయలేదు. వచ్చి రెండేళ్లయినా నిండని పన్ను పోయింది. ఇక ఆ చోట మరో పన్ను రాదు. ఎనిమిదేళ్ల పిల్ల జీవితమంతా ఆ ఖాళీతోనే ఉండాలి, పక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలుతాయి, నమలడమంతా ఒకవైపే అవుతుంది. నల్ల చుక్క ఉన్నప్పుడే ఎవరైనా సిమెంట్ పెట్టి ఉంటే ఇదంతా ఉండేదే కాదు. ఆ చుక్కను చూసింది ప్రభుత్వమే. చూసి, రాసి, వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

పాలపళ్లనైనా తీసిపారేయడానికి లేదు. వెనకవైపు పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉంటాయి. అన్నేళ్లూ పిల్లలు వాటితోనే తినాలి. అవి ముందే పోతే వెనక వచ్చే పళ్లకు చోటు చాలక ఎగుడుదిగుడుగా వస్తాయి. పంటినొప్పితో ఒకటో తరగతి పిల్లాడు అక్షరాల మీద దృష్టి ఎలా పెడతాడు? బడిలో కోడిగుడ్డు ఇస్తున్నారు, సంతోషం. దాన్ని నమలలేక పక్కన పెట్టేసే పిల్లల్ని నేను కళ్లారా చూశాను.

చిక్కీ గురించి కూడా చెప్పాలి. డొక్కా సీతమ్మ బడి భోజనంలో మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ. వాటిని ఆపమని చచ్చినా అడగను, మా పిల్లలకు ఆ బలం కావాలి. కానీ వేరుశనగ ముక్క, బెల్లం పాకం దవడ పళ్ల గాడుల్లో ఇరుక్కుంటే గంటలకొద్దీ అక్కడే ఉంటాయి. ఆ తీపిని తిని నోట్లో ఉండే క్రిములు ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లమే పన్నును తొలిచేస్తుంది. చిక్కీ తిన్న వెంటనే అందరూ లైన్లో నిలబడి గట్టిగా పుక్కిలించాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వడానికి ఖర్చేముంది? అన్నానికి ముందు చేతులు కడిగించడం మన బళ్లు నేర్పాయి, పిల్లలు ఇంట్లో కూడా పాటిస్తున్నారు. చిక్కీ తర్వాత పుక్కిలించడం కూడా అలాగే నేర్పొచ్చు. మా బళ్లో కుళాయి దగ్గర నీళ్లు రాని రోజులున్నాయి, అది వేరే గొడవ, దానికి వేరే అర్జీ పెట్టాం.

పళ్లు తోమించాల్సింది తల్లిదండ్రులే కదా, ప్రభుత్వం ఏం చేస్తుందని ఒక అధికారి మాతో అన్నారు. నిజమే, తోమించాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు సొంతంగా సరిగా తోముకోలేరు, పెద్దవాళ్లు పక్కన నిలబడి చేయించాలి. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున కన్నా ముఖ్యం, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి. ఇవన్నీ నాకు తెలిసింది నా పిల్లాడి పన్ను పాడయ్యాక ఒక డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పబట్టి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపైన శనగగింజంత పేస్టు చాలని, డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చూడమని, తోమాక ఉమ్మేస్తే చాలని, బోలెడు నీళ్లతో కడిగేయొద్దని ఆవిడే చెప్పింది. మా ఊళ్లో ఎంతమంది తల్లులకు ఇది ఎవరైనా చెప్పారు? ఇప్పటికీ ఎర్ర పళ్లపొడి చేతిలో పోసి బడికి తరిమే ఇళ్లున్నాయి. వాళ్లకు ప్రేమ లేక కాదు, చెప్పేవాళ్లు లేక. తెల్లారకముందే పనికి వెళ్లే తల్లికి ఈ మాట చెప్పాల్సింది అంగన్‌వాడీలో, టీకాలు వేసే రోజున. అక్కడ పళ్ల గురించి ఒక్క ముక్కైనా నేను వినలేదు.

ఒకసారి బళ్లో పళ్ల క్యాంపు పెట్టారు. బ్యానరు కట్టారు, ఫొటోలు తీసుకున్నారు, పిల్లలకు బ్రష్షు, చిన్న పేస్టు పంచారు. ఆ బ్రష్షులు పెద్దవాళ్లవి, కుచ్చు గట్టిగా ఉండి ఒకటో తరగతి పిల్లల నోట్లో పట్టనే పట్టవు. చిగుళ్లు గీసుకుని రక్తం వచ్చి ఇద్దరు ముగ్గురు మర్నాటి నుంచి తోముకోవడమే మానేశారు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి పుచ్చు పళ్లకు సిమెంట్ పెడతామని అందరి ముందూ మాటిచ్చారు. ఎదురుచూశాం. టీచరమ్మ పిల్లల జాబితా కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. ఎవరూ రాలేదు.

ఇది చేయలేని పని కాదు సార్. పిల్లల పళ్లకు పెద్ద ఆపరేషన్ థియేటర్లేమీ అక్కర్లేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని ఒక ద్రవం ఉంది. పుచ్చు మీద ఒక్క చుక్క రాస్తే చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. మచ్చ నల్లబడుతుంది, అంతే. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు. దాన్ని, ఫ్లోరైడ్ పేస్టును, పుచ్చు గుంటను నింపే గ్లాస్ అయనోమర్ సిమెంట్‌ను 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆ సిమెంట్‌ను కరెంటు మిషన్ లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చు తీసి బడి బెంచీ మీదే పెట్టొచ్చు. ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను గాడుల్ని ముందే సీల్ చేసేస్తే చిక్కీ ఇరుక్కునే చోటే ఉండదు. బీడీఎస్, అంటే పళ్ల డాక్టరు చదువు, చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఈ రాష్ట్రంలో ఎంతమంది! ప్రభుత్వ దంత వైద్య కళాశాలలేమో విజయవాడలో, కడపలో ఉన్నాయి. మా ఉత్తరాంధ్ర నుంచి పంటినొప్పితో ఏడ్చే పిల్లను ఎత్తుకుని అంత దూరం వెళ్లగలమా?

మీకు దండం పెట్టి అడుగుతున్నాను. చీటీ రాసే బృందంతో పాటే ఒక దంత వైద్యుణ్ని పంపండి. రోజూ అక్కర్లేదు, ఏడాదికి రెండుసార్లు పంపినా చాలు. ఒకటి, రెండు తరగతుల పిల్లల దవడ పళ్లు ముందు చూడమనండి. చీటీ ఇచ్చిన ప్రతి పిల్లకూ వైద్యం అందిందో లేదో ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని రాసేలా చేయండి. విద్యార్థి మిత్ర కిట్‌లో సంచి, బూట్లు, బెల్టు, నిఘంటువు ఇస్తున్నారు. అందులో చిన్నపిల్లల సైజు మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు పెట్టించండి. అది విద్యా శాఖది, మాది కాదని దయచేసి అనొద్దు. ఆ మాట విని విని విసిగిపోయాం. బడివాళ్లు ఆస్పత్రికి వెళ్లమంటారు, ఆస్పత్రివాళ్లు జిల్లాకు వెళ్లమంటారు, జిల్లావాళ్లు వాపు తగ్గాక రమ్మంటారు. ఈలోగా పన్ను పోతోంది. పిల్లల నోరు ఏ శాఖ కిందికి వస్తుందో మీరూ విద్యా శాఖ మంత్రిగారూ ఒక పూట కూర్చుని తేల్చండి.

పాపకు పీకిన పన్నును మీరు తెచ్చివ్వలేరు, నాకు తెలుసు. వాళ్ల చెల్లి ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరుతుంది. దానికి కింది దవడలో కొత్త పన్ను చిగురు చీల్చుకుని ఇప్పుడిప్పుడే పైకొస్తోంది. జూన్ 12న బడులు తెరుస్తారు. ఈసారి బృందంతో పాటు దంత వైద్యుడు వస్తారో రారో, వస్తే ఏ నెలలో వస్తారో మాకు రాతపూర్వకంగా తెలియజేయండి. 'పరిష్కరించబడినది' అని మళ్లీ మెసేజ్ పంపొద్దని మనవి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు